లాగకూడని తాడు

2003 ఎండాకాలంలో మా ఊరి చుట్టుపక్కల నీళ్లున్నది ఒకే ఒక్క చోట, చెంగల్రాయుడి రాతి క్వారీ గుంతలో. కుప్పానికి ఆరు మైళ్ల దూరం మా ఊరు. బావులన్నీ ఎండిపోయినా ఆ గుంత మాత్రం నూట ఇరవై అడుగుల లోతుతో పచ్చగా నిండి ఉండేది. రెండేళ్ల కిందట రాయి పేలుస్తుంటే ఊట తగిలి, తెల్లారేసరికి గుంత మునిగిపోయింది. అడుగున గాలి కంప్రెసరూ, రాయి తొలిచే మిషన్లూ ఉండిపోయాయి.

నీళ్లు తోడేసి సామాను తీసుకుంటానని చెంగల్రాయుడు మోటార్లు తెప్పించాడు. మూడూళ్ల రైతులు వెళ్లి మోటార్లకు అడ్డంగా పడుకున్నారు. టమోటాలు, మల్బరీ తోటలు బతికేది ఆ నీళ్లతోనే. నీళ్లు తియ్యకుండా సామాను తియ్యాలి. అందుకని మదనపల్లె నుంచి సాల్మన్ రాజును పిలిపించారు.

ఆయన నేవీలో ఇరవై ఏళ్లు సముద్రం అడుగున పనిచేసి వచ్చినవాడు. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఎడమ కాలు ఈడ్చి నడిచేవాడు. మా ఇంటికి వచ్చిన రోజు చంకలో చినిగిపోయిన నారింజరంగు సంచి ఒకటి ఉంది. నేను టమోటా లారీలకు టార్పాలిన్లు కుడతానని ఎవరో చెప్పి పంపారు.

"ఇట్లాంటివి రెండు కుట్టాలమ్మా. ఒకటి ఈ రంగు, ఒకటి పసుపు" అన్నాడు.

సంచిని తిరగేసి చూశాను. మనిషి ఎత్తు ఉంది. మూతి కింద, పైన మూసుకుపోయి ఉంది.

"ఏందన్నా ఇది, దిండు గలీబా?"

"నా ప్రాణమమ్మా."

"నీ ప్రాణానికి కుట్లన్నీ ఊడిపోయుండాయే."

ఆయన పెద్దగా నవ్వి, అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. అడుగున పని ముగిశాక, నోట్లో ఉన్న గాలి గొట్టం తీసి ఈ సంచి మూతిలో ఊదుతాడట. సంచి నిండి పైకి దూసుకుపోతుందట. దానికి కట్టిన సన్నటి తాడు చేతిలోని రీలు నుంచి ఊడుతూ పోతుందట.

"పైన సంచి తేలతాది. కింద నేను ఆ తాడు పట్టుకొని నిలబడతా. ఇరవై అడుగుల కాడ కొంచేపు, పది అడుగుల కాడ శానాసేపు."

"నిలబడేది యాల సార్? నేరుగా పైకి రాకూడదా?" అని అడిగింది నా కూతురు దీప. దానికి ఇరవై ఒకటి. పట్టు తీసే యూనిట్లో పని. వాళ్ల నాయన ఉన్నప్పుడు దాన్ని వీపు మీద వేసుకుని బావుల్లో ఈత నేర్పాడు. బావిలో ఎవరి బిందె పడినా దీపకే కబురు వచ్చేది.

"గోలీ సోడా గబుక్కున కొడితే ఏమవుతాది పాపా?"

"పొంగుతాది."

"లోతుకు పోతే గాలి మన రక్తంలో అట్లా కలిసిపోతాది. మెల్లిగా వస్తే మెల్లిగా పోతాది. గబుక్కున వస్తే..." అని ఎడమ మోకాలు చేత్తో తట్టాడు. "నేను ఒక్కసారి గబుక్కున వచ్చినా."

దీప ఆ కాలు వైపు చూడలేదు. సంచి మూతిలో చెయ్యి పెట్టి చూస్తోంది.

ఆ పదిహేను రోజులు మా ఇంట్లో అన్నం సంగతి ఎవరికీ పట్టలేదు. మొదటి సంచి కుట్టి, ఊది, పశువుల తొట్టిలో ముంచాం. సూది పడిన ప్రతి రంధ్రంలోంచి బుడగలు వచ్చాయి. సైకిలు షాపులో పంక్చరు వేసే సొల్యూషన్ తెచ్చి, కుట్టు పొడవునా పూసి, మళ్లీ ముంచాం. మూడోసారికి ఒక్క బుడగ రాలేదు. నేనూ దీపా తొట్టి దగ్గర ఒకర్నొకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. నలభై ఆరేళ్ల దాన్ని, అంత సంబరం నాకు ఎప్పుడు కలిగిందో గుర్తు లేదు.

రీలు మరీ సతాయించింది. పట్టు చరఖాలు చేసే వడ్రంగి చెక్కతో ఒకటి చేసి ఇచ్చాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నీళ్లలో రెండు గంటలు నానేసరికి ఉబ్బిపోయి తిరగనని మొండికేసింది. చివరికి డ్రిప్పు పైపు ముక్కకు అటొక స్టీలు పళ్లెం, ఇటొక స్టీలు పళ్లెం బిగించి, నూట యాభై అడుగుల నైలాను తాడు చుట్టి, రాజన్నే తయారుచేశాడు. పళ్లేలు మా వంటింట్లోవి.

క్వారీ గోడలు మెట్లు మెట్లుగా కోసి ఉంటాయి. ఇరవై అడుగుల లోతున్న మెట్టు మీద రాజన్న దీపకు నేర్పాడు. మొదట సరదాకే దింపాడు. అది నాలుగు రోజుల్లో ఆయన చెప్పినవన్నీ పట్టేసింది. అయిదో రోజు సంచి ఊదబోతే తాడు పళ్లెం అంచుకు చిక్కుకుంది. సంచితోపాటు దీప కూడా నీళ్ల మీదికి ఎగిరొచ్చి పడింది. గట్టు మీద అందరూ నవ్వారు. రాజన్న నవ్వలేదు.

"రీలు ఇరుక్కుంటే ఏం చెయ్యమన్నా?"

"వదిలెయ్యమన్నారు సార్."

"మరి యాల వదల్లేదు?"

"అమ్మ కుట్టింది కదా. పోతాదేమోనని."

"సంచి పోతే మీ అమ్మ ఇంకోటి కుడతాది. నువ్వు పోతే కుట్టలేదు."

సరదా అనుకున్నది సరదా కాదని అప్పుడే తెలిసింది. అదే వారంలో బెంగళూరు నుంచి రావాల్సిన ఇంకో డైవరు రాలేనని కబురు పంపాడు. ఒకరు లైటు పట్టుకోవాలి, ఒకరు కంప్రెసరు కొక్కేల్లోంచి క్రేను ఇనుప తాడు దూర్చాలి. రాజన్న ఒక్కడి వల్ల కాదు.

"నేను పోతానమ్మా" అంది దీప.

మా మరిది వెంకటప్ప అరుగు మీది నుంచి లేచి నిలబడ్డాడు. ఆయన బావుల పూడిక తీసే మేస్త్రి. పన్నెండు మంది మనుషులున్నారు ఆయన కింద. "నూరడుగుల కిందికి ఆడపిల్లను దించేదా? వదినా, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అన్నాడు.

"నువ్వు దించేది బావిలోకి కాదా చిన్నాయనా?"

"బావిలో నా చేతిలో తాడుంటాది."

"దీంట్లోనూ ఉంటాది. నువ్వు లాగకూడదు, అంతే తేడా."

ఆ రాత్రి దాన్ని నేను ఒకే మాట అడిగాను. "ఒక్కసారి పో. కంప్రెసరుకు తాడు కట్టి రా. ఆ తర్వాత మళ్లీ ఆ నీళ్లలోకి దిగనని నాకు మాటియ్యి."

దీప రీలుకు తాడు చివరిదాకా చుట్టింది. తర్వాత "సరేమ్మా" అంది.

మే నెల మూడో సోమవారం దిగారు. బైరెడ్డిపల్లె నుంచి కూడా మనుషులు వచ్చారు. ఐసుపుల్లల బండి వచ్చింది. గట్టు పొడవునా తిరునాళ్లలా జనం. లారీ ట్యూబులు కట్టిన తెప్ప మీద నేనూ వెంకటప్పా ఉన్నాం. వెంకటప్ప చేతిలో తెడ్డు, నా చేతిలో రాజన్న గడియారం, ఒక నోటుబుక్కు. టైము రాయడానికి రాజన్న నన్ను పెట్టాడు. "నువ్వు అరవవు, అందుకు" అన్నాడు.

తెప్పకు కట్టిన లావుపాటి తాడు అడుగు దాకా వేలాడుతోంది. అది పట్టుకునే దిగాలి, అది పట్టుకునే రావాలి. వాళ్ల వీపున ఉన్నవి కాక, ఆ తాడుకే ఇరవై అడుగుల కింద ఇంకో గాలి సిలిండరు కట్టాడు రాజన్న. తర్వాత గట్టు వైపు తిరిగి గట్టిగా చెప్పాడు.

"ఈ తాడు దొరక్కపోతేనే సంచి పంపుతాం. నారింజ సంచి వస్తే మేము బాగుండామని. ఆగి ఆగి వస్తాం. ఎవురూ ముట్టుకోవద్దు. పసుపు సంచి వస్తే గాలి చాలదని. సిలిండరు తెచ్చి సంచి పక్కన దించల్ల. వెంకటప్పా, ఏం చెప్పినా?"

"నారింజ ముట్టుకోవద్దు. పసుపుకు సిలిండరు."

"మీ వూరు సముద్రానికి రెండు వేల అడుగుల ఎత్తులో ఉండాది, పైన గాలి పలచన. ఈడ ఇంకా ఎక్కువసేపు ఆగల్ల. మీకు విసుగొచ్చినా మేము రాం" అని నవ్వి, గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. దీప నా వైపు చూసి, అంతా బాగుందని వేళ్లతో సున్నా చుట్టి చూపించింది. ఇద్దరూ మునిగారు. తొమ్మిదీ పది అని రాశాను.

అడుగున ఇరవై అయిదు నిమిషాలే ఉండాలని లెక్క. తొమ్మిదీ ముప్పై అయిదు అయింది. తొమ్మిదీ నలభై అయింది. బుడగలు వస్తూనే ఉన్నాయి గానీ తెప్ప దగ్గర కాదు, దూరంగా. నీళ్లలో తెల్లటి మబ్బు ఒకటి కిందనుంచి లేచింది. రెండేళ్లుగా అడుగున పేరుకున్న రాతిపొడి అది. ఆ మబ్బులో చెయ్యి చాస్తే చెయ్యి కనబడదు. తాడెక్కడ కనబడుతుంది?

"దారి తప్పినారు" అన్నాడు వెంకటప్ప.

తొమ్మిదీ నలభై తొమ్మిదికి, నలభై గజాల అవతల ఎదురు గోడ దగ్గర, నీళ్లు పగిలి నా నారింజ సంచి నిలువునా లేచింది. నడుము దాకా గాల్లోకి లేచి, అడ్డంగా ఊగి నిలబడింది. గట్టంతా కేకలు పెట్టింది. నా కుట్టు నిలబడింది, దీప చెయ్యి పనిచేసింది.

వెంకటప్ప తెడ్డు ఎట్లా వేశాడో గానీ క్షణంలో సంచి పక్కన ఉన్నాం. సంచి కదులుతోంది. కింద తాడు గుంజుతోంది. గట్టు మీద ఆయన మనుషులు పన్నెండు మందీ ఒకే గొంతుతో "లాగన్నా, లాగు" అంటున్నారు.

పూడిక పనిలో ఉన్నది ఒకటే పద్ధతి. కిందనుంచి తాడు కదిలితే లాగాలి. అడగకూడదు, ఆలోచించకూడదు. బావిలో గాలి చెడితే మనిషి ఒక్క నిమిషంలో పోతాడు. వెంకటప్ప అట్లా లాగి ముగ్గుర్ని బతికించాడు. పొద్దున రాజన్నకు అప్పజెప్పిన మాట ఆయన నోటికి గుర్తుంది, చేతులకు లేదు. సంచి కింద చెయ్యి పెట్టి తాడు అందుకుని లాగాడు. ఒక బార. రెండు బారలు. మూడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను.

"వదులు వదినా. పిల్ల సస్తాది."

"లాగితే సస్తాది."

"తాడు ఆడతాండాది, నీకు కనపడలేదా?"

నిజం చెప్పాలంటే నా రెండు చేతులూ ఆ తాడు మీదికే పోతున్నాయి. దాని చివర నా బిడ్డ ఉంది. నలుగురు కలిసి లాగితే ఒక్క నిమిషంలో ఎండలో నా ముందు కూర్చుని ఉంటుంది. ఆ తర్వాత రాజన్న కాలులా దాని కాలు, లేకపోతే నడుము, లేకపోతే ప్రాణమే. మనిషిని లోపల ఉంచి గాలి ఒత్తిడితో బాగుచేసే ఇనుప గది ఏదో సముద్రం ఒడ్డున నేవీవాళ్ల దగ్గర ఉంటుందట. కుప్పం నుంచి అక్కడికి ఎన్ని గంటలు?

గడియారం ఒళ్లో పెట్టి, కుట్టు మిషను మీద దారం బిగువు చూసినట్టు, ఆ తాడును రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాను. పట్టుకున్నాను, అంతే. తాడు కొంచెం వదులైంది. కొంచెం బిగిసింది. మళ్లీ వదులైంది. మళ్లీ బిగిసింది. తొందర లేదు, తడబాటు లేదు. దానికి తగ్గట్టే పక్కన బుడగలు గుంపుగా వస్తున్నాయి, ఆగుతున్నాయి, వస్తున్నాయి.

"వెంకటప్పా, నీ వేళ్లు ఈడ పెట్టు. లాగద్దు. ఊరికే పెట్టు."

ఆయన పెట్టాడు.

"ఏం తెలుస్తాండాది?"

ఆయన పెదాలు కదిలాయి. లెక్కపెడుతున్నాడు.

"ఊపిరి తీస్తాండాది" అన్నాడు.

తెప్ప మీద వెనక్కి కూర్చుని, గట్టు వైపు తిరిగి, ఆయన మనుషులు ఎన్నడూ వినని మాట అన్నాడు. "ఎవురూ లాగద్దండి. నోరు మూసుకోండి."

నేను టైము రాసుకున్నాను. బుడగలు రెండు గుంపులుగా ఉన్నాయి. ఇద్దరూ ఒకేచోట ఉన్నారన్నమాట. ఆ ధైర్యం పూర్తిగా కుదురుకోకముందే, మూడు గజాల అవతల పసుపు సంచి వచ్చింది. నారింజదానిలా దర్జాగా రాలేదు. సగం గాలితో, నీళ్ల మీద వాడిపోయిన ఆకులా పరుచుకుంది.

"సిలిండరు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

దాన్ని కట్టిన లావు తాడు తెప్పతోపాటే మేం లాక్కొచ్చాం, అది అదృష్టం. వెంకటప్ప సిలిండరును పైకి చేది, విప్పి, నారింజ సంచి పక్కన తన పూడిక తాడుకు కట్టాడు. ఇప్పుడు ఆయన చేతుల్ని చూడాలి. లాగడం వచ్చినవాడికి దించడం అంతకన్నా బాగా వచ్చు. ముప్పై ఏళ్లు బావుల్లోకి గంపలు దించిన చేతులు. అడుగు, ఆగు. అడుగు, ఆగు. కింద ఉన్నవాళ్ల తలకు తగలకుండా, దూరం పోకుండా. ఇరవై అడుగుల గుర్తు రాగానే నిలిపాడు.

నేను లెక్కపెట్టాను. ఒకటి. రెండు. పది. పదిహేను.

ఆయన చేతిలో తాడు తేలికైంది.

"పట్టుకున్నారు" అన్నాడు గుసగుసగా.

ఆ తర్వాత చెయ్యాల్సింది కూర్చోవడమే. కాసేపటికి బుడగలు దగ్గరగా రావడం మొదలైంది, పదడుగులకు వచ్చారు. వంగి చూస్తే పచ్చటి నీళ్లలో రెండు నీడలు, ఒకే తాడు పట్టుకుని. జనానికి ఇది అర్థం కాలేదు. పావుగంట చూశారు. పక్కింటి పాపక్క గట్టు మీది నుంచి అరిచింది.

"గోవిందక్కా, ఆడేం చేస్తాండారు?"

"నిలబడుండారు."

"నీళ్లలో నిలబడేదేందే?"

"సోడా గ్యాసు పోయేదాకా మూత తియ్యకూడదంటనే."

"అయితే నేను పోయి సంగటి కెలికేసొస్తా" అంది పాపక్క. జనం నవ్వారు. ఆ నవ్వు నాకు చల్లటి నీళ్లు తాగినట్టు అనిపించింది.

చెంగల్రాయుడికి మాత్రం కాలు నిలవడం లేదు. క్రేను దగ్గర నిలబడి, "ఏమ్మా, తాడు కట్టేసినట్లుండారు, ఎత్తేదా?" అన్నాడు.

"నా బిడ్డ పైకి రాకముందు ఆ ఇనుప తాడు కదిలిందంటే, రాయుడన్నా, నిన్ను ఈ సంచిలో వేసి మూతి కుట్టేస్తా" అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆయన క్రేను డ్రైవరును కిందికి దిగమన్నాడు.

పదీ ముప్పై తొమ్మిదికి దీప తల నీళ్లపైకి వచ్చింది. నోట్లోంచి గొట్టం తీసి, దగ్గి, మొదట అడిగింది ఇదే.

"ఎవురు లాగినారు?"

వెంకటప్ప దాని ముఖంలోకి చూడలేకపోయాడు. "నేనేమ్మా."

"మూడు బారలు లాగేసినావు చిన్నాయనా. రీలు వదులు చేసినా. తాడు పోయింది, నేను పోలా."

"తెలిసే చేసినావా, భయంతోనా?" అని అడిగాను నేను.

"తెలిసే" అంది దీప. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, నవ్వుతోంది.

వెనకే రాజన్న లేచాడు. తెప్ప మీద వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ, "కొక్కేల్లో ఇనుప తాడు దూర్చింది మీ పాపేనమ్మా. మబ్బులో, చేత్తో తడుముకొని. అందుకే ఆలస్యమయింది. నేను పోదాం రమ్మంటే వినలా" అన్నాడు. ఆయన మెచ్చుకుంటున్నాడో కోప్పడుతున్నాడో తెలియలేదు. రెండూనేమో.

గంట తర్వాత క్రేను కంప్రెసరును ఎత్తింది. తెల్లటి బురద కారుతూ అది గాల్లోకి లేచినప్పుడు గట్టు అదిరేటట్టు ఈలలు వేశారు. నేను సరిగా చూడనే లేదు. దీప తల తుడుస్తున్నాను.

రాజన్న ఐసుపుల్ల చప్పరిస్తూ, ఎవరినీ చూడకుండా అన్నాడు. "ఇంకా నాలుగు మిషన్లుండాయి అడుగున. ఇంకో రెండుసార్లు దిగల్ల."

"నేను రాను సార్" అంది దీప. "ఇదే ఆఖరని అమ్మకు మాటిచ్చినా."

నన్ను నిష్ఠూరంగా అనలేదు. బాకీ తీర్చినట్టు చెప్పింది. కానీ చెప్తూ ఉన్నంతసేపూ నీళ్లనే చూస్తోంది. ఆ చూపు నేను ఎరుగుదును. వాళ్ల నాయన కొత్త బావి కనబడితే అట్లానే చూసేవాడు.

వెంకటప్ప నా వైపు చూశాడు. తన పూడిక తాడు మళ్లీ చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు.

నేను వెళ్లి తెప్ప మీది పసుపు సంచి తెచ్చాను. నీళ్లు పిండి, మూతి పట్టి చూశాను.

"రాజన్నా, ఇది వెడల్పు ఎక్కువైంది. పైకొచ్చేలోపల సగం గాలి కారిపోయింది. మూతి బిగించల్ల. రేపు పొద్దునకంతా కుట్టేస్తా."

ఆయన ఐసుపుల్ల చప్పరించడం ఆపాడు.

"ఎంతకు బిగిస్తావమ్మా?" అని అడిగింది దీప, మెల్లిగా.

"గొట్టం పట్టుకొని నీ పిడికిలి దూరేంత చాలు కదా" అన్నాను. "చెయ్యి ఇట్లా పెట్టు, కొలత తీసుకుంటా."